దొడ్లో పాడుబడ్డ పాత నీళ్ళ తొట్టి ఉంది. మట్టి పోసి కప్పేస్తే సరిపోతుందా?

అడిగినాయన పల్లెటూళ్ళో పాత ఇల్లు కొన్నారట. దొడ్లో భూమిలోకి కట్టిన ఇటుక తొట్టి ఉందట. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించి కప్పేస్తే చాలా అని ప్రశ్న. చాలదండి. మేం అచ్చం అదే పని చేసి, తొమ్మిదేళ్ళ తర్వాత మళ్ళీ మొత్తం తవ్వుకున్నాం.

మాది రాజోలు వైపు. సముద్రం దగ్గర, నూతిలో ఉప్పునీళ్ళు. కాటన్ దొర 1852 కల్లా ధవళేశ్వరం ఆనకట్ట కట్టాడని ఏటా దండలేస్తాం, బాగానే ఉంది. కాలువ శివారున ఉన్నవాడికి నీళ్ళు ఎప్పుడొస్తాయన్నది మాత్రం దేవుడికే తెలియాలి. అందుకే వచ్చినప్పుడు పట్టి ఉంచుకోవడానికి మా తాతగారు ఆ తొట్టి కట్టించారు. పొడవు 10 అడుగులు, వెడల్పు 8, లోతు 8. ఇటుక, గానుగ సున్నం. ఊళ్ళోకి కుళాయిలొచ్చాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇప్పుడా కుళాయి వచ్చేది రోజుకో గంట, తొట్టి ఉంచుకున్నా బాగుండేదేమో!

1996 నవంబరు 6 తుఫాను గురించి కోనసీమ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మా దొడ్లో కొబ్బరిచెట్లు సగానికి పైగా పడిపోయాయి. మొదళ్ళు, మట్టలు, విరిగిన పెంకులు ఎక్కడ పారెయ్యాలో తెలియక నాన్నగారు అన్నీ ఆ తొట్టిలో వేయించి, పైన రెండడుగుల మట్టి పోయించారు. తుక్కూ పోయింది, గొయ్యీ పూడింది అని సంబరపడ్డారు కూడా. ఏటా వానలకి అక్కడ కాస్త కుంగేది, రెండు తట్టల మట్టి వేసేవాళ్ళం. ఎందుకు కుంగుతోందని ఒక్కరం ఆలోచించలేదు.

2005 ఆగస్టులో ముసురు పట్టింది. అడుగున తేమ ఉందేమో, దొడ్డి మొత్తంలో పచ్చగడ్డి బాగా ఎదిగింది ఆ చోటే. గేదె ఊరుకుంటుందా? మేస్తూ మేస్తూ వెళ్ళి ముందరి కాళ్ళతో గుండెల దాకా దిగిపోయింది. అది పెట్టిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అరటిబోదెలు అడ్డం వేసి, పొట్ట కిందనుంచి మోకులు దూర్చి ఎనిమిదిమందిమి లాగితే, చీకటిపడే వేళకి బయటపడింది. మా అమ్మైతే గేదె సంగతి వదిలేసి, దొడ్డంతా తిరిగి పిల్లల్ని లెక్కపెట్టుకుంది.

మొదళ్ళు, మట్టలు కుళ్ళి లోపల డొల్లయిపోయింది. తొట్టి అడుగు చెక్కుచెదరలేదు కాబట్టి వాన నీరు ఎటూ ఇంకక, కుండలో పోసినట్టు నిలిచి పైమట్టి బురదైపోయింది. అసలు కారణం ఆ అడుగే.

మళ్ళీ తవ్వడానికి సిద్ధాంతిగారు శ్రావణంలో ముహూర్తం పెట్టారు. శ్రావణంలో మా వైపు రెండడుగులు తవ్వితే నీళ్ళు! ఇంట్లో గొడవపడి మరీ మే నెలలో పెట్టించాను. కాలువలు కట్టేసి ఉంటాయి, భూమిలో నీరు కిందికి దిగుతుంది. చుట్టూ నీరు నిండి ఉన్నప్పుడు తొట్టి ఖాళీ చేస్తే ఆ బరువుకి పాత గోడలు లోపలికి కూలతాయి.

పైమట్టి తీయగానే మురిగిన కోడిగుడ్ల కంపు. పనికొచ్చిన కుర్రాడు "ఆయ్, ఏం కాదండి బాబూ, లాంతరు దింపి చూస్తే సరి" అని పంచె ఎగ్గట్టాడు. కాలర్ పట్టుకుని ఆపాను. ఈ లాంతరు శాస్త్రం ఎవరు కనిపెట్టారో గానీ, దీన్ని నమ్మకండి. ఆక్సిజన్ బాగా తగ్గితే దీపం ఆరుతుంది, నిజమే. ఆ కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. దీపం చక్కగా వెలుగుతుండగానే మనిషిని చంపగలదు. ఎక్కువైతే ముక్కు కూడా మొద్దుబారి వాసనే తెలియదు, పోయిందనుకుంటాం. ఒకడు పడితే తీయడానికి రెండోవాడు దిగుతాడు, ఆ తర్వాత మూడోవాడు. అందుకే మనిషన్నవాణ్ణి దింపనివ్వలేదు.

ఆయిల్ ఇంజను పెట్టి నీళ్ళు డ్రెయిన్‌లోకి తోడించాం. జేసీబీని గోడకి బాగా దూరంగా నిలబెట్టి కుళ్ళు మొత్తం తీయించి, ఆ బకెట్‌తోనే అడుగు నాలుగైదు చోట్ల పగలగొట్టించాం. గోడలు నేలకి మూడడుగుల కిందిదాకా కొట్టి, ఆ ఇటుకలు లోపలికే తోయించాం. దానిమీద ఇసుక. ఒక్కో అడుగు మందాన పోసి నీళ్ళు పెడితే, తొట్టి అడుగుభాగం పగిలింది కాబట్టి నీరు ఇంకి ఇసుక దానంతటదే కుదురుకుంది, తొక్కడానికి ఎవరూ దిగనక్కర్లేకపోయింది. పై రెండడుగులు మాత్రం ఎర్ర గ్రావెల్ వేసి దిమ్మిస కొట్టించాం. చివర్లో అడుగు ఎత్తు మట్టి దిబ్బలా వదిలేశాం, రెండు వర్షాకాలాలకి అది నేలకి సమానమైంది. మన నల్లమట్టి ఇందులో వేయకండి, వానకి ఉబ్బి ఎండకి నెర్రెలిస్తుంది.

లెక్క కూడా చెబుతాను. 10, 8, 8 గుణిస్తే 640 ఘనపుటడుగులు, అంటే 6.4 యూనిట్లు (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు). అణిగేది కలుపుకుని, ఇటుకలు పోనూ 8 యూనిట్లు తెప్పించాం. టిప్పరు వాళ్ళు యూనిట్ అని తోలింది యూనిట్ ఉండదు, టేపు పెట్టి కొలుచుకోండి. నేను కొలిస్తే అతను నా మీద అలిగాడు.

వదిలేసిన బోర్లను ఇసుక, మట్టి, రాళ్ళతో అడుగునుంచి పైదాకా పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. తొట్టికీ అదే వర్తిస్తుందని నా లెక్క. మీవాళ్ళు ఎండుమట్టలు, చెత్త లోపల వేసేద్దామంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు ఆ చోట అరటి పిలకలు వేశాం. మా తమ్ముడు కారు షెడ్డు వేస్తానంటున్నాడు. తొట్టి మీదకి రాకుండా నాలుగడుగులు జరిపి వేసుకోమన్నాను, వింటాడో లేదో.