ఆఖరి ముప్పై మీటర్ల గురించి

బుజ్జీ,

నిన్న రాత్రి పదకొండింటికి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అది అక్టోబర్‌లో హిమాచల్‌లోని బిర్ వెళ్లి సోలోగా పారాగ్లైడింగ్ చేస్తుందట, ఇదంతా నువ్వు పెట్టిన పిచ్చే, నువ్వే ఆపు" అని. నేనేం పెట్టాను? డాబా మీద గాలిపటం ఎగరేయడం నేర్పాను, అంతే కదా. ఆపనని చెప్పాను. ఫోన్ పెట్టేశాక కాసేపు నాలో నేనే నవ్వుకున్నాను, ఆ తర్వాత తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

నువ్వు పంపిన ప్రశ్నలు చూశాను. అన్నీ పైనున్నప్పుడు ఏం చేయాలనే. ఎత్తు ఎలా తగ్గించుకోవాలి, స్పైరల్ (గిరగిరా సుడి తిరుగుతూ దిగడం) ఎలా చేయాలి, బీ-లైన్ స్టాల్ (వింగ్ రెండో వరుస తాళ్లు లాగి నిలువుగా దిగడం) మంచిదా కాదా. వాటికి గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే నాకు భయం అక్కడ కాదు.

బిగ్ ఇయర్స్ ముందు నేర్చుకో. రెండు వైపులా బయటి 'ఏ' లైన్లు, అంటే వింగ్ ముందు వరుస తాళ్లు, కిందికి లాగితే వింగ్ చివర్లు ముడుచుకుంటాయి, సెకనుకి మూడు మీటర్ల చొప్పున దిగుతావు. కాళ్లతో తొక్కి వేగం పెంచే స్పీడ్ బార్ కూడా తొక్కి పట్టుకో, లేకపోతే వింగ్ మందకొడిగా అయిపోయి డీప్ స్టాల్‌లోకి, అంటే ముందుకి ఎగరడం మానేసి నిలువుగా దిగిపోయే స్థితిలోకి, జారే ప్రమాదం ఉంది. అప్పుడు చేతుల్లో ఉండే బ్రేకుల జోలికి పోవద్దు, ఒళ్లు ఒరిగించే తిరగాలి. బీ-లైన్ సంగతి నీ గ్లైడర్ మాన్యువల్ ఏం చెప్తే అది, కొత్త వింగుల్లో కొన్నిటికి అది వద్దంటారు. ఇక స్పైరల్ యూట్యూబ్ చూసి నేర్చుకుంటానన్నావట, చెంప పగలగొడతాను. సెకనుకి పదిహేను మీటర్ల మీద కిందికి పోతావు, రక్తం కాళ్లలోకి దిగి కళ్లు చీకట్లు కమ్ముతాయి, కొన్ని వింగులు నువ్వు చేతులెత్తినా తిరుగుతూనే ఉంటాయి. అది ఎస్ఐవీ కోర్సులో (వింగ్‌ని కావాలనే చెడగొట్టి సర్దుకోవడం నేర్పేది), కింద చెరువు, ఒడ్డున బోటు, చెవిలో రేడియోలో గురువు, ఇవన్నీ ఉన్నప్పుడు నేర్చుకునేది.

మబ్బు కింద చీకటి పడుతోందంటే అక్కడ ఉండకు. 2007లో ఆస్ట్రేలియాలోని మనీలాలో ఎవా విష్నియెర్స్కాని ఉరుముల మబ్బు దాదాపు పది వేల మీటర్ల ఎత్తుకి లాక్కుపోయింది. స్పృహ తప్పిన మనిషి ప్రాణాలతో దిగిందంటే అదృష్టం, అదే మబ్బులో చిక్కుకున్న ఇంకో పైలట్ దక్కలేదు. అలాంటి మబ్బులో ఇయర్స్ లాగినా పైకే పోతావు. మబ్బు అడుగు దగ్గర కాదు, ఇంకా చాలా కింద ఉండగానే పక్కకి వచ్చేయాలి. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి ఇప్పటికీ తెలియదు, చెప్పావో నా అంత చెడ్డవాడు ఉండడు.

2006 జనవరి. నేను పుణెలో ఉద్యోగం, ప్రతి శనివారం ఎగరడానికి ఆ దగ్గర్లోని కామ్‌షేట్. సాయంత్రం అక్కడి టవర్ హిల్ కొండ మీద గాలి పట్టు బట్టలా నున్నగా ఉంది, గంటసేపు ఎగిరాను, ఇక దిగాలి. కింద పెద్ద పొలం, మధ్యలో దిగితే ఏ గొడవా లేదు. కానీ ఆ మూల రోడ్డు పక్కన వడాపావ్ బండి ఉంది, మా వాళ్లంతా అక్కడ నిలబడి నన్నే చూస్తున్నారు. మధ్యలో దిగితే 20 కిలోల మూట మోసుకుంటూ పది నిమిషాలు నడవాలి. నడవడానికి బద్ధకం, బుజ్జీ. అంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు. బండి దగ్గరే దిగి టీ తాగుదామనుకున్నాను.

పొలం పగలంతా ఎండకి కాగి ఉంది కదా, దిగాల్సినంత దిగట్లేదు. తేలుతూ రోడ్డు వైపు పోతున్నాను. ఎదురుగా కరెంటు తీగలు కనిపించాయి. నేలకి పదిహేను మీటర్లు ఉంటానేమో, గుండె ఆగినట్టయింది, ఎడమ బ్రేక్ తొడ దాకా లాగేశాను. పైన ఆ పని చేస్తే వింగ్ చక్కగా తిరుగుతుంది, మజాగా ఉంటుంది. కింద అదే పని చేస్తే వింగ్ ముక్కు కిందికేసి దూకుతుంది, నువ్వు దాని కింద ఉయ్యాలలో పిల్లలా బయటికి విసిరినట్టు ఊగుతావు, ఆ ఊపు సర్దుకోవడానికి కావలసిన ఎత్తు నీ దగ్గర ఉండదు. పచ్చగడ్డి అడ్డంగా వచ్చింది, అంతవరకే గుర్తు.

నడుములో మొదటి పూస నలిగింది. మూడు నెలలు బెల్టు. ఇంట్లో బైక్ మీంచి పడ్డానని చెప్పాను, మీ అమ్మమ్మ ఆ బైక్‌ని ఎన్ని తిట్టిందో. నీకప్పుడు నాలుగేళ్లు, నా బెల్టు నిండా మీ అమ్మ బొట్టుబిళ్లలు అంటించావు. డాక్టర్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

తర్వాత మా వాళ్లు అడుగులు కొలిచి చెప్పారు, నేరుగా పోయినా ఆ తీగలకి చాలా ముందే దిగేవాణ్ణట.

అందుకే బతిమాలుతున్నాను. ఎక్కడ దిగాలో వంద మీటర్ల ఎత్తులో ఉండగానే ఖాయం చేసుకో, ఖాళీగా ఉన్న చోటు, ఎవరికి ఎంత దూరమైనా సరే. ఎత్తు పోగొట్టుకోవాలంటే పొలం అంచున ఎనిమిది అంకెలా తిరుగు, ఎప్పుడూ గాలికి ఎదురు వైపే తిరుగు. ముప్పై మీటర్లకి వచ్చాక ఇక మలుపులు లేవు. ట్రిమ్‌లో, అంటే బ్రేకులూ బార్ ఏవీ వాడకుండా, సెకనుకి మీటరు పైన దిగుతావు కాబట్టి నీకు పాతిక సెకన్లు ఉంటాయి, అవి నేరుగా పోవడానికే. చేతులు పైకి, వేగం ఉంచు, నేల దగ్గర గాలి తగ్గుతుంది, బ్రేకుల మీద వేలాడుతూ వచ్చిన వాళ్ల తల మీద వింగ్ అకస్మాత్తుగా ఎగరడం మానేస్తుంది. కాళ్లు హార్నెస్‌లోంచి (కూర్చునే పట్టీల సీటు) ముందే కిందికి వేలాడదీయి. మీటరు ఎత్తులో రెండు చేతులూ పూర్తిగా లాగు. తొందరపడి పైనే లాగేశావా, భయంతో చేతులు వదిలేయకు, ఉన్నచోటే పట్టి ఉంచి మోకాళ్లు కలిపి దొర్లిపో.

నేను ఆ తర్వాత రెండుసార్లు బిర్ వెళ్లాను. అక్కడ పైకి ఎగిరే చోటు బిల్లింగ్, 2400 మీటర్ల ఎత్తు, గాలి పలచన, కామ్‌షేట్‌లో పరిగెత్తినదానికంటే గట్టిగా పరిగెత్తాలి. కింద ల్యాండింగ్‌లో టాండెమ్ వాళ్లు (ఇంకొకరిని కట్టుకుని ఎగిరేవాళ్లు) ఈగల్లా ముసురుతారు, ఎవరు ఎటు తిరుగుతున్నారో చూసుకుంటూ రా. టేకాఫ్‌కి ముందు కాలి పట్టీలు, ఛాతీ బకిల్, రిజర్వ్ (అత్యవసర పారాచూట్) పిన్, నోటితో చెప్తూ చేత్తో ముట్టుకో, సిగ్గుపడకు. రిజర్వ్ ఎప్పుడు ప్యాక్ చేశారని అద్దెకిచ్చేవాడిని అడుగు, నసిగితే వేరే వాడి దగ్గరికి పో.

నా హెల్మెట్ అడిగావు. ఇవ్వను. చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది గానీ అది ఒకసారి నేలని గుద్దుకుంది, దాని పని అప్పుడే అయిపోయింది. ఎందుకు దాచుకున్నానో నన్నడగకు. కొత్తదానికి డబ్బులు మీ నాన్న నంబర్‌కి కాకుండా నీకే పంపాను. కొట్లో జడ వేసుకునే పెట్టుకుని చూడు, జుట్టు విరబోసుకుని చూస్తే సైజు తప్పుతుంది.

మామయ్య