ఉద్యోగం చేస్తూ ఏవియేషన్ హ్యూమన్ ఫ్యాక్టర్స్ చదవాలంటే యూనివర్సిటీ కంటే ముందు రోస్టర్ చూసుకోండి

షిఫ్టుల్లో పనిచేసే విమానాల మెయింటెనెన్స్ ఇంజినీర్‌నని, లైసెన్సు ఉన్నా డిగ్రీ లేదని, ఉద్యోగం మానకుండా ఏవియేషన్ హ్యూమన్ ఫ్యాక్టర్స్‌లో (విమాన రంగంలో మనుషులు ఎలా పనిచేస్తారో, ఎందుకు పొరబడతారో చదివే సబ్జెక్టు) మాస్టర్స్ చేసే దారి ఉందా అని అడిగారు. ఉంది. నేనూ హ్యాంగర్‌లో (విమానాలు రిపేరు చేసే షెడ్డులో) పనిచేస్తూనే ఈ సబ్జెక్టులో పార్ట్‌టైమ్ మాస్టర్స్ పూర్తి చేశాను. అయితే కోర్సు ఎంచుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోండి. క్లాసులు మీ రోస్టర్‌తో, అంటే డ్యూటీల పట్టికతో, కుదురుతాయా? డిసర్టేషన్‌కి (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసానికి) మీ కంపెనీ డేటా ఇస్తుందా? నాకు తెలిసి ఈ చదువు మధ్యలో వదిలేసినవాళ్లు ఎక్కువగా ఈ రెండింటిలో ఒకదాని దగ్గరే ఆగిపోయారు. సబ్జెక్టు కష్టమై ఆగినవాళ్లు తక్కువ.

వెతికేటప్పుడు ఏవియేషన్ అన్న పేరు ఒక్కటే పట్టుకుని వెళ్లకండి. ఈ సబ్జెక్టు ఒకచోట సైకాలజీ విభాగంలో, ఇంకోచోట ఎర్గనామిక్స్‌లో (పనిని మనిషికి తగ్గట్టు మలిచే శాస్త్రం), మరోచోట ఎయిర్ ట్రాన్స్‌పోర్ట్‌లో ఉంటుంది. ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీలో ఏవియేషన్ సేఫ్టీనీ, హ్యూమన్ ఫ్యాక్టర్స్‌నీ కలిపి పార్ట్‌టైమ్‌లో ఎమ్మెస్సీ చేయొచ్చు. అమెరికాలోని ఎంబ్రీ-రిడిల్ వాళ్ల వరల్డ్‌వైడ్ క్యాంపస్ ఆన్‌లైన్‌లో హ్యూమన్ ఫ్యాక్టర్స్ మాస్టర్స్ నడుపుతోంది. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో హ్యూమన్ ఫ్యాక్టర్స్, సిస్టమ్ సేఫ్టీ కోర్సు ఉంది. అది పనిచేసేవాళ్ల కోసమే పెట్టింది. ఇంటి దగ్గరే చదువుకుంటూ మధ్యమధ్యలో కొద్దిరోజులు అక్కడికి వెళ్లాలి. ఇంగ్లండ్‌లోనే డెర్బీ యూనివర్సిటీలో ఎర్గనామిక్స్ ఆన్‌లైన్‌లో చదవొచ్చు. అది విమానాలకే పరిమితం కాదు, కానీ రేపు మీరు వేరే రంగానికి మారాలనుకుంటే అదే ఎక్కువ పనికొస్తుంది. ఫీజులు, అడ్మిషన్ల తేదీలు మారుతుంటాయి కాబట్టి వాళ్ల సైట్లలోనే చూసుకోండి.

ఇక రోస్టర్ సంగతి. కొన్ని కోర్సుల్లో ఒక్కో మాడ్యూల్‌ని వరసగా కొన్ని రోజులు కూర్చోబెట్టి పూర్తిచేస్తారు, ఆ తర్వాత అసైన్‌మెంట్ రాసి పంపాలి. షిఫ్టులవాళ్లకి నా ఓటు దీనికే. తేదీలు చాలా ముందే తెలుస్తాయి కాబట్టి సెలవు పెట్టుకోవచ్చు, తోటివాళ్లతో షిఫ్ట్ మార్చుకోవచ్చు. వారం వారం సాయంత్రం లైవ్ క్లాసులుండే ఆన్‌లైన్ కోర్సు చూడటానికి తేలిగ్గా ఉంటుంది కానీ, నైట్ డ్యూటీ పడిన వారాల్లో టెన్షన్ మొదలవుతుంది. హాజరు తప్పనిసరా, రికార్డింగ్ చూస్తే సరిపోతుందా అన్నది చేరకముందే మెయిల్ రాసి అడగండి. ఇంకో మాట. నైట్ డ్యూటీ దిగి వచ్చి చదువుకుంటానని లెక్కలు వేసుకోవద్దు. తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య ఒళ్లు, బుర్ర రెండూ మందగిస్తాయని ఈ కోర్సులోనే చెబుతారు. ఆ రోజు నిద్రపోండి.

డిగ్రీ లేదని వెనకాడకండి. లైసెన్సునీ ఏళ్ల అనుభవాన్నీ చూసి సీటిచ్చే యూనివర్సిటీలు ఉన్నాయి. బ్రిటన్‌లో మాస్టర్స్ అంటే మామూలుగా 180 క్రెడిట్లు. 60 పూర్తయితే పీజీ సర్టిఫికెట్, 120 అయితే పీజీ డిప్లొమా. ఇలా మధ్యలో సర్టిఫికెట్‌తో దిగిపోయే వీలున్న కోర్సే తీసుకోండి. ముందు సర్టిఫికెట్‌కి చేరి, బాగా రాస్తే మాస్టర్స్‌కి మారే పద్ధతి కూడా కొన్నిచోట్ల ఉంది. డిగ్రీ లేనివాళ్లకి అదే మంచి దారి.

మన కంపెనీల్లో రెండేళ్లకోసారి పెట్టే హ్యూమన్ ఫ్యాక్టర్స్ ట్రైనింగ్‌కీ దీనికీ తేడా ఏంటని మీరు అనుకోవచ్చు. 1990 జూన్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బీఏసీ వన్-ఎలెవెన్ విమానం ముందు అద్దం గాల్లో ఊడిపోయి, కెప్టెన్ సగం బయటికి లాగబడిన ఘటన మీరు ట్రైనింగ్‌లో వినే ఉంటారు. అద్దం బిగించిన 90 బోల్టుల్లో 84 సైజు తక్కువవి. ట్రైనింగ్‌లో ఇది పదినిమిషాల స్లైడు. యూనివర్సిటీలో అదే దర్యాప్తు నివేదికను ముందుపెట్టి, ఆ రాత్రి ఆ పని చేసిన మనిషికి అది సరైన పనిగా ఎందుకు అనిపించిందో చెప్పమంటారు. పాత బోల్టు చేతిలో పట్టుకుని కంటితో పోల్చుకోవడం, స్టోర్‌లో మసక వెలుతురు, తెల్లవారుజాము, ఇంకొకరు వచ్చి తనిఖీ చేయాలన్న నిబంధన ఆ పనికి లేకపోవడం. ఒక్కోదాన్ని విడదీసి, ప్రమాదాలను వివరించే ఏ మోడల్‌లో ఎక్కడ కూర్చుంటుందో, ఆ మోడల్ ఎక్కడ సరిపోదో వాదించాలి. ఆ అలవాటు వచ్చాక హ్యాంగర్‌లో టాస్క్ కార్డు (చేయాల్సిన పని దశలు రాసి ఉండే కాగితం) చదివే తీరే మారిపోతుంది.

డిసర్టేషన్ గురించి మొదటి ఏడాదిలోనే ఆలోచించండి. నేను షిఫ్ట్ హ్యాండోవర్ మీద చేశాను: దిగిపోయేవాళ్లు పుస్తకంలో రాసింది ఎంత, నోటితో చెప్పింది ఎంత, ఎక్కేవాళ్లకి చేరింది ఎంత. కంపెనీ ఒప్పుకుంది. యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ మాత్రం ఒక ప్రశ్న వేసింది: పేర్లు తీసేసినా, రాత్రి షిఫ్టులో ఏవియానిక్స్ (విమానంలోని ఎలక్ట్రానిక్స్) ఇన్‌స్పెక్టర్ ఒక్కరే అయితే "ఒక ఇన్‌స్పెక్టర్ ఇలా అన్నారు" అని రాయగానే అది ఎవరో అందరికీ తెలిసిపోదా? న్యాయమైన ప్రశ్న. హోదాలు చెప్పకుండా, పగలు రాత్రి షిఫ్టుల మాటలన్నీ కలిపి విశ్లేషించేలా ప్లాన్ మార్చాకే అనుమతి వచ్చింది. ఇంటర్వ్యూలో మనసువిప్పి మాట్లాడినవాళ్లు మన పక్కనే పనిచేసేవాళ్లు. వాళ్ల మాట మేనేజర్ బల్ల మీదకి పోకూడదు. అందుకే ఇంటర్వ్యూల అసలు కాపీలు తనకి చూపించాలని కంపెనీ షరతు పెడితే ఒప్పుకోకండి. దర్యాప్తు సంస్థలు బయటపెట్టిన నివేదికల మీద డిసర్టేషన్ చేయొచ్చు, దానికి కంపెనీ అనుమతి అక్కర్లేదు.

అప్లై చేసేముందు కోర్సు డైరెక్టర్‌కి చిన్న మెయిల్ రాయండి. మీ లైసెన్సు ఏంటో, షిఫ్టులు ఎలా ఉంటాయో, ఏ విషయం మీద పనిచేయాలని ఉందో చెప్పి, మెయింటెనెన్స్ వైపు గైడ్ చేసేవాళ్లు ఉన్నారా అని అడగండి. చాలా కోర్సుల్లో పాఠాలు కాక్‌పిట్ చుట్టూనే తిరుగుతాయి. మీకు హ్యాంగర్ తెలిసిన గైడ్ కావాలి.