ఇంట్లో చేపలు వండితే ధ్యానం కుదరడం లేదు

ప్రశ్న: మాది భీమవరం. రెండేళ్లుగా ధ్యానం చేస్తున్నాను. ఏడాది క్రితం మాంసం, చేపలు, గుడ్లు మానేశాక మనసు తేలికపడింది. కానీ మావారికి, అత్తగారికి, పన్నెండేళ్ల మా అబ్బాయికి చేపలు లేనిదే ముద్ద దిగదు. ఆరు నెలలుగా నీచు వండనని, ఇంట్లో వండనివ్వనని పట్టుబట్టాను. మావారు బయట తినివస్తున్నారు, అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. ఎప్పుడైనా ఆ వాసన తగిలితే ధ్యానంలో కూర్చోలేను. రాత్రి భోజనం కూడా మానేశాను, ఈమధ్య కళ్లు తిరుగుతున్నాయి. విడిగా ఉండాలనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆహారం మార్చుకున్నాక మనసు తేలికపడిందన్న మీ మాటను నేను పూర్తిగా నమ్ముతున్నాను. విపశ్యన ధ్యాన పద్ధతి నేర్పే పదిరోజుల శిబిరాల్లో శాకాహారమే పెడతారు. రమణ మహర్షి నియమాలన్నిటిలోనూ మితమైన సాత్త్వికాహారమే ఉత్తమమన్నారు. కాబట్టి మీ నియమాన్ని ఎవరి కోసమూ వదులుకోనవసరం లేదు, చేపలు మీ చేత్తోనే వండాలని ఇంట్లోవారు బలవంతపెట్టడమూ న్యాయం కాదు.

అయితే వాళ్ల కంచాల మీద కూడా మీ నియమాన్ని పెట్టడం దగ్గరే చిక్కు మొదలైంది. ఆహారశుద్ధి వల్ల సత్త్వశుద్ధి, అంటే మనసు నిర్మలం కావడం, కలుగుతుందన్న ఛాందోగ్యోపనిషత్తు వాక్యానికి శంకరాచార్యులు భాష్యం చెబుతూ, ఇంద్రియాల ద్వారా మనం లోపలికి తీసుకునే విషయాలన్నీ ఆహారమేననీ, వాటిని రాగద్వేషమోహాలు అంటకుండా గ్రహించడమే శుద్ధి అనీ వివరించారు. వాసన తగలగానే మీలో లేచే ఏవగింపు, వండినవారి మీద కలిగే కోపం ఆ ద్వేషం కిందికే వస్తాయి. ఆరు నెలలుగా మీ ధ్యానాన్ని చెదరగొడుతున్నది వంటింటి వాసన కన్నా ఆ కోపమేనని నాకనిపిస్తోంది. అది కలిగినప్పుడు లేచిపోకుండా, శ్వాసను గమనించినట్టే దాన్నీ కాసేపు గమనించి చూడండి.

గోదావరి జిల్లాల్లో చేపల పులుసు పెద్దవాళ్లు ప్రేమను చూపించే పద్ధతి కూడా. దాన్ని పాపమన్నట్టు మాట్లాడితే అత్తగారికి తన చేతివంటనే తోసేసినట్టుంటుంది. మీరే ముందుగా వెళ్లి, వారానికి రెండు రోజులు ఆవిడ వండుకోవచ్చని, మీకు వేరే గిన్నెలు, వీలైతే వేరే పొయ్యి ఉంటే చాలని చెప్పండి. చేపలు తెచ్చి శుభ్రం చేసే పని మీవారు తీసుకోవాలి. ధ్యానం వంటింటి పని మొదలవకముందే, తెల్లవారుజామున ముగించుకోండి. అబ్బాయికి మాత్రం ఏమీ బోధించకండి. తల్లి పక్షమో నాయనమ్మ పక్షమో తేల్చుకోవలసిన పరిస్థితి ఆ వయసు పిల్లవాడికి రాకూడదు.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీ రాత్రి ఉపవాసం. అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయం స్పష్టంగా చెబుతోంది. కళ్లు తిరగడాన్ని సాధనలో భాగమనుకోకుండా ఈ వారంలోనే డాక్టరును కలిసి హిమోగ్లోబిన్, విటమిన్ బి12 పరీక్షలు చేయించుకోండి. మొక్కల నుంచి వచ్చే ఆహారంలో బి12 దాదాపు దొరకదు కనుక పాలు, పెరుగు రోజూ ఉండాలి, లోపం ఉంటే మాత్రలు వాడాలి. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మరసం పిండుకోండి, తిన్న వెంటనే టీ తాగకండి. రాత్రి కొద్దిగానైనా ఇంట్లోవారితో కలిసి కూర్చుని తినండి.

విడిగా ఉండే ఆలోచనను ఇంత నీరసంలో తేల్చుకోవద్దు. పరీక్షలకు వెళ్లేటప్పుడు మీవారిని వెంట రమ్మనండి. వాదన లేకుండా ఆయనతో ఇదంతా మాట్లాడటానికి ఆ ప్రయాణం వీలు కల్పిస్తుంది.