శరణార్థి శిబిరాల్లో మోంగ్ స్త్రీలు కుట్టిన ‘కథా వస్త్రాలు’ అంటే ఏమిటి?

లావోస్ కొండల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన మోంగ్ అనే కొండజాతి స్త్రీలు తమ కథను దారంతో చెప్పిన బట్టలివి. లావోస్‌లో అమెరికా రహస్యంగా నడిపిన యుద్ధంలో చాలామంది మోంగ్‌లు అమెరికా పక్షాన పోరాడారు. 1975లో కమ్యూనిస్టులు గెలవగానే వేలమంది మెకాంగ్ నది దాటి థాయ్‌లాండ్‌లోని బాన్ వినై వంటి శిబిరాలకు చేరారు.

వాళ్ల కుట్టుపని మాత్రం అంతకన్నా చాలా పాతది. పేరు ‘పా దావ్’, అంటే పూలబట్ట. పసిబిడ్డను వీపున కట్టుకునే గుడ్డ మీద కుట్టే ముగ్గులు బిడ్డను దుష్టశక్తుల నుంచి కాపాడతాయని నమ్మకం. చనిపోయినవారికీ మోంగ్ దుస్తులే తొడుగుతారు, అవతల పూర్వీకులు తమవాళ్లని గుర్తుపట్టాలి కదా!

శిబిరంలో ఈ ముగ్గుల పక్కకు మనుషుల బొమ్మలొచ్చాయి. చాలాసార్లు మగవాళ్లు బొమ్మ గీసిస్తే ఆడవాళ్లు కుట్టేవారు. అమెరికా చేరిన బంధువులు వాటిని అమ్మిపెడితే ఇల్లు గడిచేది. అయినా అమ్మకపు సరుకని వాటిని తీసిపారేయడం అన్యాయమని నా అభిప్రాయం. ఆ బట్టల మీద చూడండి: పైన విమానాలు, దారిలో మూటలు మోసే కుటుంబాలు, ఆపైన నది. ఆ నదిలో తేలడానికి వెదురు బొంగులు పట్టుకుని ఈదే మనుషుల్ని ఒక్కొక్కరినీ విడివిడిగా కుట్టారు.