జర్మన్ నేర్చుకోవడానికి నెల రోజులు బెర్లిన్ వెళ్లాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. వయసు 27, జీతం 28,000. జర్మనీలో నర్సు ఉద్యోగం నా లక్ష్యం. జర్మన్‌లో ఏ2 (రెండో లెవెల్) పాసయ్యాను కానీ మాట్లాడమంటే మాట పెగలడం లేదు. నెల రోజులు బెర్లిన్‌లో ఉండి క్లాసులకి వెళితే భాష దానంతటదే వస్తుందని ఒక ఏజెన్సీ అంటోంది. మొత్తం 3.9 లక్షలు, నెలాఖరులోగా 50,000 అడ్వాన్స్. నా పొదుపు 4.2 లక్షలు. దాన్ని కదపొద్దు, అమ్మ బంగారం తాకట్టు పెడదాం అంటున్నారు నాన్న. వెళ్లమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దు. బంగారం తాకట్టు పెట్టి అసలే వద్దు.

మీరు పంపిన కాగితంలోని ఖర్చుల్ని విడదీసి చూశాను. లెక్క సులువుగా ఉండేందుకు యూరోని వంద రూపాయలు అనుకుందాం. నాలుగు వారాల కోర్సు 1,100 యూరోలు, గది 800, తిండికి, బస్సుకి 450. విమానం టికెట్ 65,000 రూపాయలు, వీసా, ఇన్సూరెన్స్ కలిపి 15,000. అన్నీ కలిపితే 3.15 లక్షలు. మిగతా 75,000 ఏజెన్సీది. మీకు జీతం లేని సెలవు కాబట్టి ఇంకో 28,000 కలపండి. అంటే ఏజెన్సీ లేకుండా మీరే అన్నీ చూసుకున్నా 3.43 లక్షలు అవుతుంది.

ఆ డబ్బుకి ఏం వస్తుంది? వారానికి 25 చొప్పున నాలుగు వారాలకి 100 యూనిట్లు. యూనిట్ అంటే 45 నిమిషాల క్లాసు. జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే సంస్థ లెక్క ప్రకారం మొదటి నుంచి బీ1 (ఏ2 తర్వాతి లెవెల్) చేరడానికి 350 నుంచి 650 యూనిట్లు, దాని తర్వాతి బీ2 కి 600 నుంచి 800 యూనిట్లు పడతాయి. కాబట్టి వంద యూనిట్లతో ఒక లెవెల్ కూడా పూర్తి కాదు. ఒక్కో యూనిట్‌కి మీకు పడేది 3,430 రూపాయలు. ఇక్కడ ఏ2 కి మీరు 160 యూనిట్లకి 32,000 కట్టానన్నారు, అంటే యూనిట్‌కి 200.

క్లాసులో నేర్చుకునేది తక్కువైనా, బయట అంతా జర్మనే వినపడుతుంది కదా అంటారు. నిజమే, దానికి విలువ ఉంది. కానీ ఆ విలువ అందేది అవతలివాళ్లు అన్నదానిలో సగమైనా అర్థమైనప్పుడు. ఏ2 దగ్గర షాపులో రెండు మాటలు తడబడగానే అవతలి మనిషి ఇంగ్లిష్‌లోకి మారిపోతాడు. బెర్లిన్‌లో ఇది మరీ ఎక్కువ. సాయంత్రం హాస్టల్లో మనవాళ్లు దొరికితే ఇక తెలుగే. నా దగ్గరికి వచ్చే ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బీ1 పాసయ్యాక మూడు వారాలు వెళ్లాడు. చిన్న ఊరు, ఒక కుటుంబం ఇంట్లో బస. తిరిగొచ్చాక మాట్లాడే పరీక్షకి భయపడలేదు. అతను వెళ్లిన సమయం సరైనది, పెట్టిన డబ్బు తన బోనస్. మీ పరిస్థితి ఇంకా అక్కడికి రాలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒకటుంది: "నైట్ డ్యూటీలు చేసి వచ్చాక పుస్తకం తెరిచే ఓపిక ఉండటం లేదు." మీకు అసలు కావలసింది బెర్లిన్ కాదు, డ్యూటీ లేని ఒక నెల. దాని ధర 28,000. బీ1 పరీక్షకి ముందు నెల జీతం లేని సెలవు పెట్టండి. దానికి ముందు నాలుగు నెలలు, వారానికి మూడు గంటలు, ఆన్‌లైన్‌లో ట్యూటర్‌తో ఒక్కరే కూర్చుని మాట్లాడండి. గంటకి 800 అనుకున్నా 50 గంటలకి 40,000. పన్నెండు మంది ఉన్న క్లాసులో 45 నిమిషాల్లో మీ వంతుకి నాలుగు నిమిషాలు కూడా రావు. ఇక్కడ గంటంతా మీదే. గోథే బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం వేర్వేరు మాడ్యూల్స్. ఒక్కోదానిలో 100 కి 60 రావాలి. మాట్లాడటం ఒక్కదానిలో ఫెయిలైతే అదొక్కటే మళ్లీ రాయొచ్చు. కాబట్టి టెన్షన్ పడకండి.

ఇంకో సంగతి చాలామంది నర్సులకి ఎవరూ చెప్పడం లేదు. జర్మనీకి నర్సులు కావాలి, అందుకే భాష ఖర్చు అవతలివాళ్లు భరించే దారులున్నాయి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా నడిచే ట్రిపుల్ విన్ అనే, జర్మనీకి నర్సుల్ని పంపే కార్యక్రమంలో బీ1 దాకా శిక్షణ అభ్యర్థికి ఉచితం. ఏ2 అయినవాళ్లని ఏ బ్యాచ్‌లో చేర్చుకుంటారో ఈ వారమే వెళ్లి అడగండి. ఆంధ్రప్రదేశ్ వాళ్లయితే అక్కడి ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌లో అడగాలి. ఇక విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే రిజిస్టర్డ్ ఏజెంటు మన దేశ నిబంధనల ప్రకారం సర్వీస్ ఛార్జీగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. మీ ఏజెన్సీ "ఇది కోర్సు మాత్రమే" అంటూనే ఉద్యోగం ఆశ చూపిస్తోంది. నాకు నచ్చనిది అదే. ఇలాంటి నెల రోజుల కోర్సుకి ఇచ్చే షెంజెన్ వీసా (యూరప్‌లో కొద్దికాలం ఉండటానికి ఇచ్చే వీసా) మీద 90 రోజులకి మించి ఉండకూడదు, అక్కడ ఉద్యోగం చేయడానికీ వీల్లేదు. వీసా రాకపోతే కట్టిన 90 యూరోల ఫీజు తిరిగి రాదు.

మీ 4.2 లక్షల్లో ఆరు నెలల ఖర్చుకి సరిపడా ఒక లక్ష ఎఫ్‌డీలో వేసి మరిచిపోండి. బీ1 కోర్సు, ట్యూటర్, పరీక్ష ఫీజు, సెలవు నెల కలిపి 1.3 లక్షల దగ్గర తేలుతుంది. మిగిలిన 1.9 లక్షలు ముట్టుకోవద్దు. నర్సుగా గుర్తింపుకి సాధారణంగా బీ2 అడుగుతారు, పత్రాల అనువాదం ఉంటుంది, వెళ్లిన కొత్తలో ఇంటి డిపాజిట్ ఉంటుంది. అవన్నీ ఆ డబ్బులోంచే రావాలి.

మీ నాన్నగారికి ఈ లెక్క చూపించండి. కూతురి కోసం ఉన్న బంగారం కూడా తీసి ఇస్తానన్న మనిషి, కాగితం మీద అంకెలు చూస్తే తప్పక వింటారు. అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే రద్దు చేస్తున్నట్టు ఈమెయిల్‌లో రాసి పంపండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. రసీదు, వాళ్లు పంపిన వాట్సాప్ మెసేజీలు దాచుకోండి.