నీలం గుడ్ల పెట్టలకు పుట్టిన పెట్టలు గోధుమ రంగు గుడ్లు పెడుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: పెరట్లో పెంచుకోవడానికి నీలం గుడ్లు పెట్టే ఈస్టర్ ఎగ్గర్ పెట్టలు కొన్ని తెచ్చుకున్నాను. గోధుమ రంగు గుడ్ల జాతి పుంజుతో జతకట్టించి పిల్లలు తీయించాను. అవి ఎదిగి గుడ్లకు వచ్చాక కొన్ని ఆకుపచ్చ గుడ్లు, కొన్ని మామూలు గోధుమ రంగు గుడ్లు పెడుతున్నాయి. పాత పెట్టల గుడ్లు కూడా కాస్త వెలిసినట్టున్నాయి. దాణాలో లోపమా? నీలం, ఆలివ్ రంగు గుడ్లు నిలకడగా రావాలంటే ఏం చేయాలి?

జవాబు: దాణా గురించి టెన్షన్ పడకండి. దాణా మారిస్తే పచ్చసొన రంగు మారుతుంది గానీ పెంకు నీలంగా మారదు. పెంకు రంగు వంశం నుంచి వస్తుంది. మీరు పెట్టలను గుడ్లు చూసి ఎంచుకున్నారు, పుంజును మాత్రం అలా ఎంచుకోలేదు. పుంజు గుడ్డు పెట్టదు కాబట్టి చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. కానీ పిల్లల్లో సగం వంశం దానిదే.

గుడ్డు కడుపులో తయారయ్యే సుమారు 25 గంటల్లో 20 గంటలు పెంకు ఏర్పడటానికే పోతాయి. నీలం రంగునిచ్చే బిలివర్డిన్ ఆ సమయంలో పెంకు మందమంతా కలుస్తుంది. గోధుమ రంగునిచ్చే ప్రోటోపార్ఫిరిన్ ఎక్కువగా చివరి గంటల్లో పైపూతలా పడుతుంది. నీలం పెంకు మీద గోధుమ పూత పడితే గుడ్డు ఆకుపచ్చగా కనిపిస్తుంది, పూత చిక్కబడితే ఆలివ్ రంగు. ఏ పెట్టలో నీలం ఉందో అనుమానమైతే దాని గుడ్డు పగలగొట్టి, లోపలి పొర ఒలిచి పెంకు లోపలి వైపు చూడండి. లోపల నీలి ఛాయ ఉంటే ఆ పెట్టలో నీలం జన్యువు ఉన్నట్టే. తెల్లగా ఉంటే లేనట్టే.

ఈ నీలానికి కారణం ఒకే ఒక జన్యువు. తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కటి వచ్చినా గుడ్డు నీలంగానో ఆకుపచ్చగానో వస్తుంది. ఎప్పుడో కోడి డీఎన్ఏలో చొరబడి ఉండిపోయిన ఒక వైరస్ ముక్క వల్ల ఈ రంగు పుట్టిందని 2013లో తేలింది. చిలీకి చెందిన అరౌకానా కోళ్లలోనూ, చైనాలోని డాంగ్‌షియాంగ్ కోళ్లలోనూ అది వేర్వేరుగా చొరబడిందట. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా అబ్బురమే. తినేవాళ్లకు దీనివల్ల ఏ హానీ లేదు.

ఇప్పుడు మీ కోళ్ల సంగతి. ఈస్టర్ ఎగ్గర్లు సంకర కోళ్లు, వాటిలో చాలావాటికి నీలం జన్యువు ఒంటిదే (తల్లి, తండ్రుల్లో ఒకరి నుంచే వచ్చినది) ఉంటుంది. మీ పుంజుకు అసలే లేదు. అలాంటప్పుడు కూతుళ్లలో సుమారు సగమే నీలాన్ని అందుకుంటాయి. పుంజుకూ ఒంటి జన్యువు ఉంటే నాలుగింట మూడు వంతులకు వస్తుంది. జంట జన్యువు (ఇద్దరి నుంచీ వచ్చినది) ఉన్న పుంజైతే, పెట్ట ఏదైనా సరే, కూతుళ్లన్నిటికీ వస్తుంది. కాబట్టి మీరు వెతకాల్సింది అలాంటి పుంజునే.

దాన్ని గుర్తించడానికి నమ్మకమైన పాత పద్ధతి ఒకటుంది. తెల్ల గుడ్లో గోధుమ గుడ్లో పెట్టే, నీలం లేని పెట్టలతో ఆ పుంజును జతకట్టించి, కూతుళ్లు పెట్టే గుడ్లు చూడండి. ఒక్క కూతురు నీలం లేని గుడ్డు పెట్టినా అది ఒంటి జన్యువు పుంజే. ఏడు కూతుళ్లకూ నీలం కనిపిస్తే, ఒంటి జన్యువు పుంజుకు అలా జరిగే అవకాశం 128లో ఒకటే, కాబట్టి ధైర్యంగా ఉంచుకోవచ్చు. ఇది తేలడానికి ఆరేడు నెలలు పడుతుంది. అంతకాలం ఆగలేకపోతే ఈకలు పంపి డీఎన్ఏ పరీక్ష చేయించవచ్చు.

కోడి తల మీద బఠానీ తురాయి (మూడు వరసల్లో ఉండే పొట్టి తురాయి) ఉంటే నీలం ఉన్నట్టేనని కొందరు చెబుతారు. అరౌకానా, అమెరౌకానా వంశాల్లో ఈ రెండు జన్యువులూ పక్కపక్కనే ఉండటంతో ఎక్కువసార్లు కలిసే వస్తాయి. అయితే బ్రహ్మా కోళ్లకూ బఠానీ తురాయే, వాటి గుడ్లు గోధుమ రంగు. క్రీమ్ లెగ్‌బార్‌కు ఒంటి తురాయి, అయినా గుడ్డు నీలం. వంశం తెలిసిన మందలో తప్ప ఆ గుర్తును నమ్మవద్దు.

ఆలివ్ గుడ్ల కోసం జంట జన్యువు పుంజును, ముదురు గోధుమ గుడ్లు పెట్టే మారన్స్ లాంటి పెట్టలతో కలపండి. మొదటి తరం పెట్టలన్నీ ఆలివ్ ఛాయ గుడ్లే పెడతాయి. వాటిని వాటిలోనే జతకట్టిస్తే కొన్ని పెట్టల్లో నీలం పోతుంది. గోధుమ రంగు వెనక చాలా జన్యువులు ఉండటం వల్ల పూత కూడా ఒక్కోదానిలో ఒక్కోలా పడుతుంది. అందుకే నీలం మందను, మారన్స్ మందను విడివిడిగా నిలుపుకుని, కావాల్సినప్పుడల్లా మొదటి తరాన్నే కొత్తగా తీయించుకోవడం మేలు.

పుంజును మార్చినప్పుడు పాత పుంజును వేరు చేశాక కనీసం మూడు వారాలు ఆగి, ఆ తర్వాతి గుడ్లనే పొదిగించండి. పెట్ట కడుపులో వీర్యం రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. ఈ ఒక్క విషయం మరిచి, తండ్రి ఎవరో తెలియని పిల్లలతో ఏడాది పోగొట్టుకునేవాళ్లు ఎందరో. పిల్లల కాళ్లకు రింగులు తొడిగి తల్లి, తండ్రి వివరాలు రాసుకోండి. చెవుల దగ్గర ఈకల కుచ్చులున్న అరౌకానా కోళ్లు మీ చేతికొస్తే, కుచ్చులున్న రెండింటిని మాత్రం జతకట్టించకండి. ఆ జన్యువు జంటగా వచ్చిన నాలుగో వంతు పిల్లలు పెంకులోనే చనిపోతాయి.

పెంపకం వేరే కోళ్లలాగే. పొదిగే యంత్రంలో ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్, 21 రోజులు. బ్రూడర్‌లో (పిల్లలను వెచ్చగా ఉంచే చోటు) మొదటి వారం 33–35 డిగ్రీలు, తర్వాత వారానికి 2–3 డిగ్రీలు తగ్గించండి. పిల్లలకు గుడ్ల కోళ్ల దాణా పెట్టవద్దు, అందులోని కాల్షియం వాటి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గుడ్లకు వచ్చాక మాత్రం ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో అందుబాటులో ఉంచండి.

ఇక పాత పెట్టల గుడ్లు వెలవడం. వయసు పెరిగి, గుడ్ల కాలం సాగేకొద్దీ రంగు కాస్త తేలిపోవడం మామూలే. విశ్రాంతి తీసుకుని ఈకలు మార్చుకున్నాక మళ్లీ కొంత చిక్కబడుతుంది. ఎండ తీవ్రత, బెదురు, పేలు, పిడుదులు కూడా గోధుమ పూతను పలచన చేస్తాయి. కాక్సీడియా (పేగులను దెబ్బతీసే పరాన్నజీవి) నివారణకు దాణాలో కలిపే నికార్బజిన్ అనే మందు తింటే గోధుమ రంగు గుడ్లు తెల్లబడతాయి, కాబట్టి సంచి మీది వివరాలు ఒకసారి చూడండి. అలా కాక రంగు ఒక్కసారిగా తగ్గి, పెంకులు ముడతలు పడటం, తోలుగుడ్లు రావడం, కోళ్లు తుమ్మడం, గురకపెట్టడం కనిపిస్తే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ (వైరస్ వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధి) లేదా కొక్కెర తెగులు కావచ్చు. జబ్బు కోళ్లను వేరు చేసి, ఆ రోజే పశువైద్యుడికి చూపించండి. ఆ గుడ్లను పొదిగించవద్దు.