పెద్దోళ్లను పట్నం తోలుకపోయే ముందు

బిడ్డా,

డిసెంబర్ల నలుగురినీ హైదరాబాదుకు తోలుకపోయి మూడు రోజులు తిప్పుతనన్నవట, మీ అమ్మ ఫోన్ల చెప్పింది. అమ్మ, నాయిన, మేనత్త, మామ. పట్నం అంటే దవాఖాన పనే అనుకునేటోళ్లను ఉత్త సరదాకు తీసుకపోతనన్నవు చూడు, ఆ మాటకే నా కడుపు నిండింది. ఆ వెనకనే నువ్వు రాసిన కాయితం ఫొటో కూడ పంపింది. అది చూసినంక గాబరా మొదలైంది. ఒక్క రోజుల బిర్లా మందిరం, సాలార్‌జంగ్, చార్మినార్, ట్యాంక్‌బండ్. మర్నాడు గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, శిల్పారామం. ఏం ఉరుకులాట బిడ్డా ఇది?

ఆ కాయితం పక్కన పెట్టు. కొత్త కాయితం మీద ముందు వాళ్లు ఎక్కడ కూసుంటరో రాయి, ఎక్కడ ఒంటికి పోతరో రాయి, ఎక్కడ తింటరో రాయి. ఆ మూడూ కుదిరినంక, మిగిలిన టైముల ఏం చూడొచ్చో ఆలోచించు. పూటకు ఒక్క జాగ. పగలు ఒంటి గంటకెల్లి నాలుగు దాకా పడక.

పోయే పదిహేను రోజుల ముందు ఇంటికి వచ్చి ఒక్కొక్కరినీ వాడకట్టుల నడిపించు. గోడ ఎప్పుడు పట్టుకుంటున్నరు, అరుగు కోసం ఎప్పుడు చూస్తున్నరు, నిమిషాలు రాసుకో. నలుగురిల అందరికన్న తక్కువ నడిచినోళ్ల లెక్క తీసుకొని దాన్ని సగం చెయ్యి. అదే మీ అందరి నడక. పట్నంల సగమే ఎందుకంటే అక్కడ మధ్యమధ్యల నిలబడాల్సొస్తది. లైన్ల పది నిమిషాలు నిలబడుడు మోకాళ్లకు నడక కన్న కష్టం.

మీ నాయిన సంగతి వేరే చెప్పాల్నా? మర్రిగూడ, మునుగోడు దిక్కు ఆ తరం బోరు నీళ్లే తాగింది. ఫ్లోరైడు ఎముకల్ల పేరుకొని మెడ, నడుం బిగుసుకపోయినయి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా బిగిసిన కీళ్లు సడలయి కద. ఆయన మెడ తిప్పి పక్కకు చూడలేడు, వంగి కారెక్కలేడు. గందుకని కారు ఎట్లాంటిదో ముందే చూసుకో. సీటు ఆయన తుంటి ఎత్తుల ఉండాలె. కిందికి ఉన్న చిన్న కారుల కూలబడితే లేవలేడు, మరీ ఎత్తున్న బండి ఎక్కలేడు. ముందు సీటు పూర్తిగ వెనుకకు జరిపి, ఆయనను సీటు దిక్కు వీపు పెట్టి మొదలు కూసోమను, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుమను. సీటు మీద ప్లాస్టిక్ సంచి ఒకటి పరిస్తే ఒళ్లు సులువుగ తిరుగుతది, కూసున్నంక ఆ సంచి గుంజెయ్యి. ఏడు సీట్ల బండి మాట్లాడుకుంటే ఆఖరి వరుసల నువ్వే కూసో. అండ్లకు వంగి దూరుడు వాళ్లతోని కాదు.

అమ్మ, మేనత్త బస్సే అంటరు. 2023 డిసెంబర్ 9 కెల్లి మన ఆడోళ్లకు టికెట్టు లేదు కద, కారుకు పైసలెందుకని కొట్లాడతరు. జిల్లా బస్సుల్ల పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్సులకే జీరో టికెట్టు, ఆ రెండిట్లనే కాలు పెట్ట సందుండదు. ఆ మెట్లు ఎత్తు, డ్రైవరు ఆగడు. కారే మాట్లాడు. కిరాయి ఎంతని అడిగితే దోస్తు కారని చెప్పు, పాపం తగలదు.

రూము కొంచెం ఎక్కువ రాస్త, ఓపికగ చదువు.

నాంపల్లి, లక్డీకాపూల్ దిక్కు తీసుకో, అన్నిటికీ నడుమ ఉంటది. లిఫ్టున్నదా అని ఫోన్ల అడిగితే ఉన్నదనే అంటరు. అబద్ధం కాదు. కాని కింద పార్కింగు పెట్టి కట్టిన బిల్డింగుల్ల లిఫ్టు దాకా పోవాలంటే ఐదారు మెట్లెక్కాలె, ఆ ముచ్చట అడగనిదే ఎవ్వరూ చెప్పరు. రోడ్డు మీదికెల్లి రూము తలుపు దాకా ఎన్ని మెట్లు అని అడుగు. నువ్వు అక్కడనే నౌకరీ చేస్తున్నవు, ఒక పొద్దుమీకి పోయి కండ్లతోని చూసి రా. బాత్రూంల కమోడు ఉండాలె, పక్కన పట్టుకునేటందుకు కడ్డీ ఉంటే ఇంకా మంచిది. టవల్ తగిలించే రాడ్డును పట్టుకోనియ్యకు, మనిషి బరువుకు అది ఊడొస్తది. ప్లాస్టిక్ స్టూలు ఒకటి, కింద నేలకు అతుక్కునే రబ్బరు చాప ఒకటి ఇంటికెల్లి తీసుకపో. నిండు బకెట్టు వాళ్లను లేపనియ్యకు, సగం నింపి స్టూలు పక్కన పెట్టు. గీజరు నల్లా నువ్వే తిప్పు.

నాకు అన్నిటికన్న భయం రాత్రి రెండు గంటల టైము. ఇంట్ల మంచానికి కుడి పక్కకెల్లి దిగే అలవాటున్న మనిషి కొత్త రూముల గోడకు దిగబోతది. అందుకని ఎవరు ఇంట్ల ఏ పక్క దిగుతరో అడిగి ఆ లెక్కనే పండవెట్టు. బాత్రూం గడప రెండంగుళాలు లేచి ఉంటది, చీకట్ల కనపడదు. తెల్ల టేపు అంటించు. బాత్రూం లైటు వేసే ఉంచి తలుపు జానెడు తెరిచి పెట్టు, లోపలికెల్లి గొళ్లెం పెట్టుకోవద్దని అందరికీ చెప్పు. మంచానికీ బాత్రూంకూ నడుమ చెప్పులు, బ్యాగులు, ఛార్జరు వైర్లు ఏమీ ఉండొద్దు.

చెక్-ఇన్ టైము కూడ అడుగు. పన్నెండు దాకా రూము ఇయ్యమంటే, పది గంటలకు దిగినోళ్లు రెండు గంటలు కింద సోఫాల నడుములు పట్టుకొని కూసోవాలె. ఆ పూట అంతటితోనే ఆగమైతది.

ఇగ నీళ్ల ముచ్చట. మిగతావి మరిచినా ఇది మాత్రం మరువకు.

పెద్దోళ్లను, అందులోనూ ఆడోళ్లను, ఊరికి తీసుకపోయేటోళ్లందరూ చేసే తప్పు ఒకటే. నీళ్ల సీసా చేతికిచ్చి తాగమని చెప్పి వదిలేస్తరు. వాళ్లు తాగరు. తొవ్వల ఒంటికొస్తే ఎక్కడ పోవాలె, ఎవరిని అడగాలె, కారు ఆపుమంటే అల్లుడో కొడుకో ఏమనుకుంటడో అని పొద్దుగాల చాయ్ కూడ సగమే తాగి బయలెల్లుతరు. సీసా సాయంత్రం దాకా నిండుగనే ఉంటది. వయసు మీద పడ్డంక దూప కూడ సరిగ తెలువదు, ఒళ్లు ఎండిపోయినా నోరు అడగదు. దానికి తోడు మీ అమ్మ బీపీకి నీళ్ల గోలీ వేసుకుంటది. అది నీళ్లను బయటికి పంపుతనే ఉంటది, ఈమె లోపలికి పోసుకోదు. పగలు రెండు మూడు గంటలకు కుర్చీలకెల్లి లేవంగనే కండ్లు తిరుగుతయి, ఇంట్లోళ్లు ఎండ దెబ్బ అనుకుంటరు. రాత్రి పిక్కలు పట్టేస్తయి, నడక ఎక్కువైందనుకుంటరు. మర్నాడు ఒంటికి పోతే మంట. కొందరు ఉన్న జాగ మరిచి ఏదో మాట్లాడతరు, వయసని ఊకుంటరు. ఇవి శానావరకు నీళ్లు తాగకనే.

అందుకని తాగుమని చెప్పుడు కాదు, ఒంటికి పోయే జాగ ముందు కుదిర్చి చూపియ్యాలె. జాగ ఉన్నదని తెలిస్తే వాళ్లే తాగుతరు. ఒక్కొక్కరికి అర లీటరు సీసా, పేరు రాసి ఇయ్యి. పన్నెండు లోపల ఒకసారి, నాలుగు లోపల ఇంకోసారి ఖాళీ కావాలె. గుండె, కిడ్నీ జబ్బుతోని నీళ్లు తక్కువ తాగుమని డాక్టరు చెప్పినోళ్లకు మాత్రం డాక్టరు లెక్కనే. నీళ్ల గోలీ ప్రయాణం పొద్దున ఏ టైముకు వేసుకోవాల్నో కూడ డాక్టరునే అడుగు, నీ అంతల నువ్వు మానిపియ్యకు.

గంటన్నరకోసారి ఆపు. "పోతరా?" అని అడగకు, "వద్దు బిడ్డా" అంటరు. "నేను పోతున్న, రా అత్తా" అను, నీ వెంబడి వస్తది. సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నంల ఒకసారి ఆపితే పట్నం దాకా చింత లేదు. మొదలు నువ్వు లోపలికి పోయి చూసి రా. కమోడు ఉన్నదా, తడి ఎంత, లైటు వెలుగుతున్నదా. బ్యాగుల ఒక పాత కాటన్ చీర, లంగా, కాయితం సబ్బు, ప్యాడ్లు పెట్టు. పెద్దోళ్ల ప్యాడ్లు మెడికల్ షాపుల దొరుకుతయి. మేనత్తకు నలుగుట్ల చెప్పకు, పక్కకు పిలిచి "తొవ్వ పొడుగు, ఉంటే బేఫికర్" అని చేతుల పెట్టు.

మేనత్తకు షుగరు. గోలీ వేసుకున్నంక అన్నం ఆలస్యం కావొద్దు. పన్నెండున్నరకు పళ్లెం ముందు ఉండాలె. చెమటలు పట్టి చేతులు వణికి మాట తడబడితే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాగియ్యి, పదిహేను నిమిషాలు చూడు. తగ్గకపోతే మళ్ల ఇయ్యి, తేరుకున్నంక అన్నం పెట్టు. సోయి లేని మనిషి నోట్లె ఏమీ పొయ్యకు, 108 కు కొట్టు. గోలీలన్నీ నీ భుజం సంచిల, రెండు రోజులవి ఎక్కువ. చీటీ, ఆధార్ కూడ అండ్లనే.

మా తమ్ముడి, అదే మీ మామ, చేతికర్ర తిప్పి అడుగు చూడు. రబ్బరు అరిగి లోపలి ఇనుప బిళ్ల కనపడితే పాలరాయి మీద జారిపోతది. సర్జికల్ షాపుల కొత్త రబ్బరు దొరుకుతది. కొత్త చెప్పులు మాత్రం కొనకు.

ఇప్పుడు చూసే జాగాలు. మంగళ, బుధ, గురువారాలు పెట్టుకో. శుక్రవారం సాలార్‌జంగ్, చౌమహల్లా రెండూ మూసి ఉంటయి, శని ఆదివారాలు గుంపు.

మంగళవారం పోయి తినుడు, పండుడు, సాయంత్రం నెక్లెస్ రోడ్డు మీద హుస్సేన్ సాగర్ చూస్తూ ఒక గంట కూసునుడు. అంతే. పడవ ఎక్కిస్త అనకు. ఊగే పడవలకు కాలు చాపి దిగుడు వాళ్లతోని కాదు.

బుధవారం పొద్దున పదింటికి సాలార్‌జంగ్ తెరవంగనే పోండ్రి. గ్యాలరీలు నలబైకి దగ్గర, అన్నీ చూపియ్యబోకు. గేటు కాడనే చక్రాల కుర్చీ అడుగు. మామ "నేనేమన్న కుంటోన్నా" అంటడు. సంచులు పెట్టుకుందామని తీసుకో, అర్ధ గంటకు ఆయనే కూసుంటడు. మొదలు మ్యూజికల్ గడియారం కాడికి పోండ్రి. గంట కొట్టే ముందు చిన్న గడ్డపాయన తలుపు తీసుకొని బయటికొచ్చి, కొట్టి, మళ్ల లోపలికి పోతడు. ఇంకో బొమ్మ సెకనుకో దెబ్బ సుత్తెతోని కొడుతనే ఉంటడు. పన్నెండు గంటలకు పన్నెండు దెబ్బలని జనమంతా అప్పుడే మూగుతరు. మీరు పదకొండుకు పోండ్రి, పది నిమిషాల ముందే ముందు వరుసల నాయినను నడుమ కూసోపెట్టు, మెడ తిప్పే పని లేకుంట. తర్వాత ముసుగు రెబెక్కా. రాయిల చెక్కిన ముసుగుల మొకం కనపడతది, మీ అమ్మ అక్కడనే నిలబడిపోతది. ముందు ఒక పక్క మగోడు, వెనక అద్దంల ఆడామె కనపడే చెక్క బొమ్మ ఒకటున్నది, అది కూడ చూపియ్యి. చాలు. బయలెల్లే ముందు అందరూ ఒంటికి పోయి రావాలె, పాతబస్తీల మళ్ల అంత సులువుగ దొరకదు.

గురువారం పొద్దుగాల ఏడున్నరకు చార్మినార్. ఆ టైముకు దుకాండ్లు తెరవరు, నేల ఖాళీగ ఉంటది. వాళ్లు నాలుగున్నరకే లేస్తరు, అప్పటికి కీళ్లు కూడ సడలుతయి. పైకి 149 మెట్లు, చుట్లు తిరిగే ఇరుకు మెట్లు, ఆ మాటే ఎత్తకు. కింద నిలబడి చూసి, ఇరానీ చాయ్ తాగి రాండ్రి. మేనత్తకు చక్కెర లేనిది దొరకదు, ఆమెకు ఫ్లాస్కుల తీసుకపో. బిర్లా మందిరం అడుగుతరు. మెట్లెక్కాలె, పాలరాయి మీద సాక్సులతోని జారుతరు, ఫోన్లు లోపలికి పోనియ్యరు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాల్నో ముందే చెప్పుకోండ్రి, లేదంటే మానుకోండ్రి. గోల్కొండ పైకి మూడు వందల అరవై మెట్ల దాకా ఉన్నయి. ఈసారి లేదు.

రూము ఖాళీ చేసినంక, పదకొండు దాటినంక మెట్రో. అప్పుడు ఆఫీసు గుంపు ఉండదు. లిఫ్టు రోడ్డుకు ఏ పక్క ఉన్నదో ముందే చూసుకో. కదిలే మెట్లు వద్దు. నాంపల్లిల ఎక్కితే ఎల్బీనగర్ దాకా చల్లగ కూసొని మూసీ, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ అన్నీ పైకెల్లి చూడొచ్చు. నడక లేదు, మెడ తిప్పే పని లేదు. నన్నడిగితే పట్నంల పెద్దోళ్లకు ఇంతకన్న మంచి తమాషా లేదు. కారు సామానుతోని ఎల్బీనగర్‌ల ఆగి ఉండమని డ్రైవరుకు చెప్పు, అటే సాగర్ రోడ్డు పట్టి ఇంటికి.

మీ అమ్మ ఏమడిగినా "నాకేం కాలే" అంటది. నమ్మకు. కాలు బెణికినా బిందె దించకుంట బాయికాడికెల్లి ఇంటి దాక వచ్చిన మనిషి అది. మాట వినకు, నడక చూడు. అడుగు చిన్నగైతే, మాటలు తక్కువైతే, ఆ పూట ఏమున్నా ఆపి రూముకు మలుపు. టికెట్టు పైసలు పోతే పోనీ.

రూముకు అడ్వాన్సు కట్టకముందే లిఫ్టు ముందర మెట్లవి, బాత్రూం గడపది ఫొటోలు తీసి నాకు పంపు. నేను చూసినంకనే కట్టు.

మీ పెద్దమ్మ